మా బావ కారవాన్ ఏసీ

మా అక్క మొగుడికి చింతామణిలో బట్టల అంగడి ఉంది. ముప్పై ఏళ్ళు గల్లా ముందు నిలబడి గుడ్డలు కొలిచి కొలిచి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక నిలబడే పని మానేసి కూర్చొని చేసే పని ఏదైనా చూసుకోమన్నాడు డాక్టరు. కూర్చొని చేసే పనులు లోకంలో ఎన్ని లేవు! మా బావ మాత్రం కారవాన్ కొన్నాడు.

బెంగళూరులో సినిమా షూటింగులకు అద్దెకు తిరిగిన బండి అది. లోపల రెండు పడకలు, చిన్న గ్యాసు పొయ్యి, చుట్టూ బల్బులున్న నిలువుటద్దం, నెత్తిన ఏసీ. అది వీధిలోకి వచ్చిన రోజు చుట్టుపక్కల వాళ్ళంతా చూడటానికి వచ్చారు. "ఈ అద్దంలో ఏ హీరోయిన్ చూసుకునిందప్పా?" అని అడిగిన ప్రతివాళ్ళకూ బావ ఒక పేరు చెప్పాడు. అడిగినవాళ్ళ వయసును బట్టి ఆ పేరు మారుతూ వచ్చింది.

నేను చిక్కబళ్ళాపురంలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. ఐటీఐ చదివి, మా ఆయనతో కలిసి అంగడి పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా బావ కంటికి నేను ఇప్పటికీ ఆయన పెళ్ళిలో చెప్పులు దాచిపెట్టిన మరదలినే. ఆయన ఇంట్లో ఏ వస్తువు చెడినా ముందు ఊళ్ళో ఉన్న మెకానిక్కులందరి చేతుల్లోనూ పడుతుంది. వాళ్ళంతా కలిసి దాన్ని పూర్తిగా పాడుచేశాక నా దగ్గరికి వస్తుంది.

ఈసారీ అదే జరిగింది. అందరూ కలిసి మురుగమల్ల దర్గాకు పోతుంటే సగం దారిలో ఏసీ నిలిచిపోయింది. బట్లహళ్ళిలో చుట్టాల ఇంటికి పోయినప్పుడూ అంతే. ఒక మెకానిక్కు ఏసీలో దుమ్ము పట్టే జాలీ కడిగిచ్చాడు. ఇంకొకడు గ్యాసు నింపాడు. షెడ్డులో ఏసీ గడ్డకట్టించేంత చల్లగా నడిచేది. రోడ్డెక్కితే ఆగిపోయేది. చివరికి నాకు ఫోను వచ్చింది.

"అమ్మీ, ఇది నన్ను చంపుతాండాది. తర్మాస్టాట్ పోయిందని ఒగడు అంటాండాడు. అంటే ఏంది?"

"లోపల ఎంత వేడి ఉండాదో చూసే పెట్టె బావా. చల్లదనం చాలనుకుంటే ఏసీని ఆపుతాది, చాలదనుకుంటే నడిపిస్తాది."

"అట్లనా! ఎప్పుడు ఏమనుకుంటాదో తెలీదంటావు. మీ అక్క మాదిరి."

అవతల గిన్నెను గట్టిగా కింద పెట్టిన చప్పుడు వినబడింది. బావ గొంతు తగ్గించి, ఆదివారం రమ్మని చెప్పి పెట్టేశాడు.

ఆ ఆదివారం చాకవేలులో వాళ్ళ చుట్టాల గృహప్రవేశం. పోయే దారిలోనే పరీక్ష చేయొచ్చని నేను పొద్దున్నే సామాన్ల సంచి తీసుకొని చింతామణికి చేరాను. ఏప్రిల్ ఎండ ఎనిమిదింటికే చురుక్కుమంటోంది. బండి కింద ఉన్న జనరేటర్ వేయించి, ఏసీ ఆన్ చేశాను. థర్మోస్టాట్ పడక పక్కన గోడకు ఉంది. సబ్బుపెట్టె అంత సైజు, మీద చిన్న తెర. దాని పక్కనే నా సొంత థర్మామీటర్ తగిలించి అరగంట చూశాను. రెండూ ఒకే అంకె చూపించాయి. మూత విప్పి, లోపలి తీగలు ఒక్కొక్కటే కదిపి చూసి, మళ్ళీ బిగించాను. ఎక్కడా ఏ తప్పూ లేదు.

బావ తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "నిన్ను చూసి బయపడిందేమో" అన్నాడు.

"నువ్వు ఒక్కరోజన్నా బయపడింటే ఎంత బాగుండు బావా" అన్నాను.

బండి కదిలింది. నడిపేది బావ, ఆయన పక్కన ముందు సీటులో అక్క. మధ్యలో అడ్డగోడ, దానికి చిన్న కిటికీ. వెనకవైపు నేనూ, బావ వాళ్ళ అమ్మా. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. నాకు అత్త వరస. బావకు అమ్మంటే ఎంత ప్రాణమంటే, కారవాన్ కొన్నది కూడా ఆమెకు ఊళ్ళు చూపించడానికేనని అందరికీ చెప్పేవాడు. మోకాళ్ళ సంగతి ఎత్తేవాడే కాదు.

అత్తమ్మ థర్మోస్టాట్ పక్కనున్న పడక మీద బుద్ధిగా కూర్చుంది. ఒడిలో నీళ్ళ సీసా. నీళ్ళు చల్లగా ఉండాలని దానికి తడి తువ్వాలు చుట్టింది. నేను ఎదుటి సీటులో కూర్చొని కళ్ళు తెర మీదే పెట్టాను. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. పొద్దున్నే లేచి వచ్చానేమో, చల్లగాలికి ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. చెమటకు మెలకువ వచ్చింది.

ఏసీ ఆగిపోయింది. ఫ్యాను ఊరికే వెచ్చటి గాలి తిప్పుతోంది. నా థర్మామీటర్ ఇరవై తొమ్మిది చూపిస్తోంది. థర్మోస్టాట్ తెర కనబడలేదు. దాని మీద అత్తమ్మ తువ్వాలు వేలాడుతోంది, అంచు నుంచి చుక్కలు కారుతున్నాయి. తువ్వాలు తీసి చూస్తే కింద ఇరవై ఒకటి అని ఉంది.

తడిగుడ్డ కప్పితే పాపం ఆ పెట్టెకు చలేస్తుంది. బండంతా చల్లబడిందనుకొని ఏసీని ఆపేస్తుంది. జాలీలు కడిగినవాడికీ గ్యాసు నింపినవాడికీ ఇది ఎట్లా దొరుకుతుంది? వాళ్ళ షెడ్డుకు అత్తమ్మ పోలేదు కదా.

"అత్తమ్మా, ఈ గుడ్డ యాల ఏసినావు ఈడ?"

"యాడ?" అంది ఆమె, చుట్టూ వెతుకుతున్నట్టు చూసి. "ఓ, అదా! ఆరేసినాను. దానికేమి?"

"ఆరేసుకునేదానికి ఇంత బండిలో ఇంకో తావు దొరకలేదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ముందుగా ఆమె పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, చప్పుడు రాకుండా, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మురుగమల్లకు పోయిన దినము నిజంగానే ఆరేసినా అమ్మీ. మిషను గమ్మునయిపాయె. బట్లహళ్ళికి పోయేటప్పుడు మళ్ళా ఏసి చూసినా. మళ్ళా గమ్మునయిపాయె. అప్పుడు తెలిసిపాయె దీని గుట్టు."

నేను ఇరవై ఏళ్ళలో నేర్చుకున్న విద్య ఆమె రెండు ప్రయాణాల్లో నేర్చేసుకుంది.

"చలి పడకపోతే బావతో చెప్పొచ్చు గదా!"

"చలి కాదు లేవే. ఏసీ నడిస్తే వాడు కిటికీలు ముయ్యమంటాడు. ఆ అద్దాలు చూడు, నల్లగా. మనకు బయటోళ్ళు కనపడతారు గానీ బయటోళ్ళకు మనం కనపడము." ఆమె ముందుకు వంగి నా చేయి పట్టుకుంది. "ఇంత పెద్ద బండిలో పోతాండానే, దారిలో ఒగరికన్నా నా మొగము కనపడొద్దా? మిషను ఆగిపోతే వాడే కిటికీలు తెరుస్తాడు."

అంతలో, ఏసీ చప్పుడు వినబడటం లేదని గమనించాడేమో, బావ బండిని రోడ్డు పక్కన ఆపాడు. అడ్డగోడ కిటికీలోంచి బావ, "ఆగిపోయిందా?" అని అరిచాడు. అత్తమ్మ నా చేయి వదల్లేదు. "వానికి చెప్పొద్దే. ఇంత ఆశపడి కొనిండాడు, నొచ్చుకుంటాడు" అంది.

నేను తువ్వాలు మడిచి నా సంచిలో పడేసి, ముఖం గంభీరంగా పెట్టుకొని కిందికి దిగాను.

"దొరికింది బావా. సెన్సర్‌కు తేమ తగులుతాండాది."

అబద్ధం ఒక్క ముక్క లేదు. "తేమనా! ఈ ఎండలోనా!" అన్నాడు బావ. మెకానిక్కులెవరూ చెప్పని మాట కాబట్టి దాని మీద ఆయనకు గౌరవం కలిగింది. ఇరవై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన గౌరవం అది. దాన్ని అంత తొందరగా పోనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది. కాబట్టి ఆయన చేత టార్చి పట్టించాను. మిట్టమధ్యాహ్నం కావస్తున్న ఎండలో టార్చి. తర్వాత థర్మోస్టాట్ దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టి వంద లెక్కపెట్టమన్నాను. ఊపిరిలో తేమ ఉంటుందని చెప్పాను. ఆయన నలభై రెండు దాకా వచ్చి దగ్గాడు. మళ్ళీ మొదటి నుంచి అన్నాను.

ముందు సీటులోంచి అక్క ఇదంతా చూస్తోంది. దాని కళ్ళల్లో అనుమానం ఉంది గానీ నోరు విప్పలేదు. మొగుడు ఊపిరి బిగబట్టి మాట్లాడకుండా నిలబడ్డం చూసే అవకాశం దానికీ రోజూ రాదు.

ఈ వంకన కిటికీలన్నీ తెరిపించాను. అక్కడి నుంచి చాకవేలు దాకా అత్తమ్మ కిటికీలో మోచేయి ఆనించి కూర్చొని, బస్టాపుల దగ్గరా టమోటా తోటల దగ్గరా కనబడినవాళ్ళందరినీ పలకరించింది. వాళ్ళలో ఆమెకు తెలిసినవాళ్ళు ఇద్దరు కూడా ఉండరు.

గృహప్రవేశంలో భోజనాల దగ్గర బావ నా గురించి చెప్పని మనిషి లేడు. "తేమ అమ్మా, తేమ! పెద్ద పెద్ద మెకానిక్కులకే తెలీలేదు!" నేను పాయసం తాగుతూ తల దించుకున్నాను. వినయం అనుకున్నారు అందరూ.

తిరుగు ప్రయాణానికి ముందు అత్తమ్మతో ఒప్పందం చేసుకున్నాను. చేలూరు దాటేదాకా ఏసీ నడవనివ్వాలి, బాగుపడిందని బావకు నమ్మకం కుదరాలి. ఆ తర్వాత కిటికీ సంగతి నేనే ఏదో ఒక రకంగా ఆయనకు చెప్తాను. ఆమె సరేనంది. తువ్వాలు నా సంచిలోనే ఉంది.

పది నిమిషాలు కూడా నడవలేదు. ఏసీ ఠక్కుమని ఆగింది.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. "నేను కాదు."

"అత్తమ్మా!"

"నా మీద ఒట్టు. సీసా కూడా ఆ పక్కన పెట్టేసినా."

నేను నమ్మలేదు. దిండు కింద చూశాను. దుప్పటి దులిపాను. కొంగు విప్పి చూపించమన్నాను. ఎనభై ఏళ్ళ మనిషిని, దొంగను సోదా చేసినట్టు సోదా చేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. "నన్నే అనుమానిస్తాండావు. ఆ పెట్టెను చూసినావా?" అంది.

చూశాను. తెర మీద అంకెలే లేవు. మూత విప్పితే ఒక తీగ మర కింది నుంచి జారి బయటికి వచ్చేసి ఉంది. పొద్దున కదిపి చూసి, మళ్ళీ బిగించాననుకున్న తీగే. మర సగమే తిరిగి ఉంది. గుంతల రోడ్డు మిగతా పని పూర్తి చేసింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న నా చేతి పని అది.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. "అత్తమ్మా, తప్పు నాదే" అన్నాను. ఆమె ఒక్క క్షణం బిగదీసుకొని, తర్వాత ముందు నవ్విన దానికంటే గట్టిగా నవ్వింది. ఈసారి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

బండి ఆగింది. బావ వెనక తలుపు తీసి ఎక్కాడు. విప్పిన మూత, నేల మీద దుప్పటి, నవ్వుతున్న అమ్మ, ఎర్రబడ్డ మరదలు. "మళ్ళా తేమనా?" అన్నాడు, పాపం, ఊపిరి బిగబట్టడానికి సిద్ధమవుతూ.

నేను ఇక ఉండబట్టలేకపోయాను. తీగ సంగతి చెప్పాను. ముందుసారి తువ్వాలు సంగతి చెప్పకుండా ఎట్లా దాటేయాలా అని ఆలోచిస్తుండగానే అత్తమ్మ అందుకుంది.

"ఇది మాత్రమే ఈ పిల్ల తప్పు రా. అంతకుముందు ఆపిందంతా నేనే." ఏ రోజు ఎక్కడ, ఎట్లా ఆపిందో వరసగా చెప్పింది. కొంచెం గర్వంగానే చెప్పింది.

బావ పడక అంచు పట్టుకొని నిలబడిపోయాడు. ఆయన ముఖం చూసి నాకు నిజంగా బాధేసింది. "నీకోసమే గదమ్మా కొన్నది" అన్నాడు. "ఒగ మాట చెప్తే ఏమి?"

"చెప్తే నువ్వు ఏసీ మొత్తానికే ఆపేసి నాతో పాటు చెమటలో కూచుంటావు. మోకాళ్ళ నొప్పితో నడిపేవానివి, సగం దారన్నా చల్లగా ఉండనీ అనుకున్నా."

"నేను ముందర కూచుంటానమ్మా! ఏసీ వెనక ఉండాది! నాకు యాడ తగులుతాది?"

అత్తమ్మకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమె ఆపింది తన చల్లదనాన్నే. అక్క ముందు కిటికీలోంచి తల పెట్టి, "నాకూ తగలదు. నన్ను ఎవరన్నా అడిగినారా?" అంది. అందరికంటే ముందు నవ్వింది బావే.

తీగను గట్టిగా బిగించాను, రెండుసార్లు లాగి చూశాను. అక్కడే అక్కా అత్తమ్మా చోట్లు మార్చుకున్నారు. అత్తమ్మ ముందు సీటులో కొడుకు పక్కన, అద్దం పూర్తిగా దించుకొని కూర్చుంది. అక్క వెనక పడక మీద కాళ్ళు చాపుకొని, థర్మోస్టాట్ మీటను ఇరవైకి తిప్పి, దుప్పటి మెడదాకా కప్పుకుంది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మొగుడి మాటలు వినబడకుండా చేసిన ప్రయాణం ఇదొక్కటేనని చెప్పి, చింతామణి వచ్చేదాకా నిద్రపోయింది.