టీచరమ్మకు కట్టిన రెండో ఫ్లెక్సీ

మా సైన్సు టీచరమ్మ పోయిన శనివారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. ఈ మాట చదవగానే మీలో ఎవరికైనా నవ్వొచ్చినా, "మళ్లీనా?" అనిపించినా తప్పు మీది కాదు. ముత్తుకూరు సెంటర్లో ఫ్లెక్సీల షాపు నడిపే నేను 'కన్నీటి నివాళి' అని పెద్దక్షరాలు వేసి ఆవిడ ఫోటో కట్టడం ఇది రెండోసారి. మొదటిసారి కట్టినప్పుడు ఆవిడ ఇంట్లో దోసెలు పోసుకుంటున్నారు.

ఆ మొదటి ఫ్లెక్సీ సంగతి ఊరంతా ఎరుగుదురు. ఎరగనివాళ్ల కోసం మొదటినుంచీ చెప్తాను. సిగ్గుగా ఉన్నా చెప్పాలి, లేకపోతే ఆవిడ సమాధి దగ్గర అంత తక్కువమంది ఎందుకున్నారో మీకు అర్థం కాదు.

మేం హైస్కూల్లో చదివే రోజుల్లో ఆదివారం పూట టీవీలో ఒక సీరియల్ వచ్చేది. ఆకాశంలో తిరిగే ఓడ, అందులో ఒక కెప్టెన్, ఆయన మనుషులు. దానికి పేరేదో ఉండేదిగానీ మా ఊళ్లో అందరూ రాకెట్ సీరియల్ అనేవాళ్లు. శ్రీహరికోటలో రాకెట్ వదిలితే బడి మైదానంలోంచి కనిపించే ఊరు మాది. ఆ సీరియల్ మా కోసమే తీశారనుకునేవాళ్లం. రాకెట్ వదిలే రోజు టీచరమ్మ క్లాసు ఆపేసి మమ్మల్నందర్నీ బయటికి తోలేవారు. మంట కనిపించాక కొంతసేపటికి ఉరుము లాంటి చప్పుడు వినిపించేది. అందరం చప్పట్లు కొడుతుంటే ఆవిడ మాత్రం "మంట ముందు కనబడె, చప్పుడు ఎనక వచ్చె. ఎందుకట్టా?" అని అడిగేవారు. ఆవిడకి ఊతపదం అది. ఎవరేం చెప్పినా "ఎందుకట్టా?" అనేవారు. నేను పదో తరగతి సైన్సులో గట్టెక్కానంటే ఆ రెండక్షరాల పుణ్యమే అనాలిగానీ, అవి రెండక్షరాలు కాదని కూడా ఆవిడే అనేవారు.

సీరియల్ మధ్యలో ఆగిపోయింది. కెప్టెన్ చిన్న పడవలాంటి దాంట్లో ఓడ దిగి వెళ్లాడు, తిరిగొచ్చాడో లేదో చూపించలేదు. చాలా ఏళ్లకి ఆ సీరియల్ తీసినవాళ్లు మిగతా కథ నవలలుగా వేయాలనుకున్నారు. ప్రతి భాగంలోనూ ఏ సైన్సు ఎక్కడ తప్పిందో ఓపిగ్గా రాసి పంపిన ప్రేక్షకురాలు ఒకరున్నారని వాళ్లకి గుర్తుంది. ఆ ప్రేక్షకురాలు మా టీచరమ్మే. రాయమని ఆవిడనే అడిగారు. మాకు నేల మీద కాళ్లు నిలవలేదు. మా కెప్టెన్ ఇప్పుడు మా ఊళ్లో, మా టీచరమ్మ చేతిలో ఉన్నాడు.

మొదటి నవలలో కెప్టెన్‌ని ఓడకి తిరిగి తెచ్చారు. మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో పండగ చేసుకున్నాం. రెండో నవల వచ్చేసరికి ఓడ వంటవాడికి అన్ని పేజీలెందుకని సణుగుడు మొదలైంది. మూడో నవలలో కెప్టెన్ చచ్చిపోయాడు. యుద్ధంలో కాదు, జ్వరం వచ్చి, దుప్పటి కప్పుకుని.

గ్రూపు తగలబడిపోయింది. గూడూరు కుర్రాడొకడు ఆ పేజీలు చించి ఫోటో తీసి పెట్టాడు. కావలి నుంచి ఒకాయన కెప్టెన్ లేచి కూర్చున్నట్టు సొంతంగా నాలుగు పేజీలు రాసి, ఇదే అసలు కథ అన్నాడు. టీచరమ్మ కూడా ఆ గ్రూపులోనే ఉన్నారని ఎవరికీ పట్టలేదు. ఆవిడ అన్ని తిట్లూ చదివి వాయిస్ మెసేజ్ పెట్టేవారు. వెనక ఆవిడ కోళ్ల గోల వినిపించేది. "చదివినారు, తిట్టినారు. చదవకుండా తిట్టేదానికంటే మేలే గదా నాయనా" అనేవారు.

నేనైతే ఇంటికే వెళ్లి అడిగాను. "అంత మొనగాడు జ్వరంతో పోతాడా టీచరమ్మా?"

"ఎందుకు పోగూడదు? పెద్దోళ్లు పెద్దగానే పోవాలని నీకెవురు జెప్పినారు? ఆయన పొయ్యినంక ఓడలో ఏం జరిగిందో చదివినావా?"

"లేదు. ఆడనే పుస్తకం మూసేసినా."

"అయితే నీతో నాకు మాటల్లేవు. ముందు చదువు పో."

నేను చదవలేదు. షాపుకొచ్చి ఫ్లెక్సీ డిజైన్ చేశాను. పైన కన్నీటి నివాళి, ఒక పక్క హెల్మెట్ పెట్టుకున్న కెప్టెన్, రెండో పక్క టీచరమ్మ ఫోటో. ఆ ఫోటో కింద చిన్నక్షరాలతో 'చంపినవారు' అని వేశాను. చుట్టూ మామూలుగా వేసే పూల అంచు. నలుగురం కలిసి తెల్లవారకముందే బస్టాపు దగ్గర కట్టి, మహా తెలివైనవాళ్లం అనుకుంటూ టీ తాగాం.

రోజూ ఫ్లెక్సీలు కొట్టే నాకు ఒక్కటి తట్టలేదు. నడిచే బస్సులోంచి చిన్నక్షరాలు ఎవరికీ కనిపించవు. హెల్మెట్ బొమ్మని ఎవరూ మనిషి అనుకోరు. కనిపించేది టీచరమ్మ మొహం, నివాళి, పూలు. తొమ్మిది గంటలకల్లా ఆవిడ ఇంటి ముందు జనం. పాత విద్యార్థులు దండలు పట్టుకొచ్చారు. పాస్టరుగారు బైబిలు చంకన పెట్టుకుని వచ్చారు. దొరవారిసత్రం నుంచి ఆవిడ చెల్లెలు గుండెలు బాదుకుంటూ ఆటో దిగింది. ఆ ఏడుపులకి టీచరమ్మ దోసెపిండి చేతులతోనే తలుపు తీసి, "ఏమే, ఎవురు పోయినారు?" అని అడిగారట. చెల్లెలు అక్కడే కూలబడిపోయింది.

నేను షట్టర్ దించుకుని షాపులో దాక్కున్నాను. మధ్యాహ్నం టీచరమ్మే వచ్చి షట్టర్ తట్టారు. "ఫోటో బానే ఎంచినావు. నా చెల్లెలి గుండె ఆగిపొయ్యుంటే ఏం జేసుండేవోడివిరా?" అన్నారు. ఫ్లెక్సీ విప్పించి తీసుకెళ్లి, వానకి తడవకుండా కోళ్లగూటి మీద కప్పుకున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

అప్పుడు చదివాను ఆ మిగతా పేజీలు. ఓడలో అన్ని పనులూ ఆపేసి, వంటవాడి దగ్గర్నుంచీ అందరూ వచ్చి కెప్టెన్ పక్కన కూర్చుంటారు. ఆయన తమకి చేసిన చిన్న చిన్న పనులు ఒక్కొక్కరే చెప్పుకుంటారు. యుద్ధాల ఊసు ఎవరూ ఎత్తరు. బాగుందని చెప్పడానికి వెళ్తే ఆవిడ కోళ్లకి నూకలు చల్లుతూ, "నాకు అందాకా ఎదురుచూసే పనిలేకుండా జేసినావులే. నేను పోతే ఎవురెవురొస్తారో ముందే జూసేసినా. అందురికీ దొరుకుతాదా?" అని నవ్వారు. ఆ నవ్వు చూసి నా తప్పు మాఫీ అయిపోయిందనుకున్నాను. ఊరికి కూడా అదొక వేడుకైపోయింది. ఆవిడ కూరగాయలకి వెళ్తే "టీచరమ్మా, ఈసారి ఎవుర్ని చంపతాండావు?" అని పలకరించేవాళ్లు.

శనివారం పొద్దున పాలు పోసే అక్క ఫోన్ చేసి, టీచరమ్మ లేవడం లేదు, ఒళ్లు చల్లగా ఉంది అంది. "నువ్వు గూడా మొదులుపెట్టినావా అక్కా?" అన్నాను. అవును, నేనే అన్నాను. ఆమె ఏడుస్తుంటే అప్పుడు పరుగెత్తాను.

ఏడుస్తూనే ఫ్లెక్సీ కొట్టి కట్టాను. గ్రూపులో పెడితే నవ్వే బొమ్మలు వచ్చిపడ్డాయి. "నాలుగో నవల వస్తాందా?" అని ఒకడు. "ఒకసారి మోసపోయినాం, చాల్లే అన్నా" అని ఇంకొకడు. టీచరమ్మ చెల్లెలికి ఫోన్ చేస్తే, "ఒరే, నా దగ్గిర ఇట్టాంటి ఏషాలెయ్యొద్దని అప్పుడే జెప్పినా" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పాస్టరుగారు తన ఫోన్ నుంచి చేశాక గానీ ఆమె బయల్దేరలేదు. నేను సెంటర్లో నిలబడి కనిపించినవాళ్లకల్లా చెప్పాను. నా బిడ్డల మీద ఒట్టేశాను. ఆటోవాళ్లు నా భుజం తట్టి, "ఏడుపు గూడా బాగా నేర్చినావే" అన్నారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి నాకు మొహం లేదు.

సాయంత్రమైంది. ఇంక ఆపలేమన్నారు పాస్టరుగారు. పెట్టె మోయడానికి మనుషులు చాల్లేదు. పోర్టుకి వెళ్తూ టీ కోసం ఆగిన ఇద్దరు లారీ డ్రైవర్లని బతిమాలి తీసుకొచ్చాను. వాళ్లది ఏ రాష్ట్రమో కూడా తెలియదు. ఇంత పెద్ద ఊళ్లో సగంమందికి చదువు చెప్పిన మనిషిని, ఆవిడ పేరు కూడా తెలియనివాళ్లు సమాధులతోటకి మోశారు. కెప్టెన్‌కి ఆవిడ ఓడంతా ఆపి మనుషుల్ని పోగుచేసి ఇచ్చారు. ఆవిడకి రావాల్సినవాళ్లని రాకుండా చేసినవాణ్ని నేను. ఇంతకంటే మెత్తగా చెప్పుకోవడం నాకు చేతకావడం లేదు.

ఆదివారం పొద్దున రెండో ఫ్లెక్సీ కింద ఒక్కణ్నే నిలబడి ఉన్నాను. నెల్లూరు బస్సాగింది. నాతో చదువుకుని ఇప్పుడు అక్కడ నర్సుగా చేస్తున్న అమ్మాయి దిగింది. నన్ను చూడగానే పకపకా నవ్వింది.

"ఏరా, నీకు బుద్ధి రాలేదా? బస్సులోంచి జూసి నవ్వలేక చచ్చినా. ఎవుర్ని చంపిందంట ఈసారి?"

నేను ఫ్లెక్సీకేసి ఒకసారి, ఆమెకేసి ఒకసారి చూశాను.

"ఏందట్టా జూస్తాండావు? పద, టీచరమ్మతో కాఫీ పెట్టించుకోని తాగుదాం" అంటూ నా చెయ్యి పట్టుకుంది. నవ్వుతూనే, నన్ను లాక్కుంటూ, టీచరమ్మ ఇంటి సందులోకి నడిచింది.