ధర్మవరం దాకా పాసు

హిందూపురంలో ఆడపిల్లల బడిలో నాకు పంతులమ్మ పని దొరికినప్పుడు మా ఇంట్లో గొడవ జరిగింది. జీతం గురించి కాదు, రైలు పాసు గురించి. నయాపైసలు వచ్చిన కొత్త రోజులవి. మాది పెనుకొండ. పొద్దున బండికి హిందూపురం పోయి సాయంత్రం బండికి ఇల్లు చేరాలి. దానికి పెనుకొండ నుంచి హిందూపురానికి ఉన్న చిన్న పాసు చాలు. అదే లైను మీద హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా చెల్లే పెద్ద పాసు ఇంకొకటి ఉంది. నాకు ఆ పెద్దదే కావాలి.

"పని యాడుంటే పాసు ఆడికే గదా తీసుకుంటారు? పడమటికి పోయేదానికి తూర్పు బండెక్కినట్లుండాది నీ కత" అన్నాడు నాయన. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. "ధర్మవరం పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు" అని మాత్రం అనింది.

ధర్మవరంలో మా అక్క కూతురుంది. అక్క లేదు.

తొలికాన్పు మా ఇంట్లోనే జరిగింది. అయిదో నెలలో బిడ్డను ఒడిలో పెట్టి, చీరె సారెలతో అక్కను అత్తింటికి పంపాం. ఆ వానాకాలంలోనే విషజ్వరం వచ్చి అక్క పోయింది. బావ వాళ్ళ చీరల కొట్టు మూసేశారు. ఆ వీధిలో పక్కిళ్ళ మగ్గాలు కూడా ఆ పూట ఆడలేదు. దినాలు ముగిసేదాకా మేం అక్కడే ఉన్నాం.

మా వైపు ఏ ఇంటి నుంచి కదిలినా "పోతా" అనకూడదు, "పోయొస్తా" అనాలి. చిన్నప్పుడు నేను బడికి పరిగెత్తుతూ "పోతానమ్మా" అన్నానంటే, అమ్మ వెనక్కి పిలిచి వీపు మీద ఒకటి వేసి, "పోయొస్తా" అనిపించి గానీ పంపేది కాదు. ఒక్క చావింట్లో మాత్రం ఈ పద్ధతి తలకిందులవుతుంది. అక్కడ ఏమీ చెప్పకుండా గడప దిగాలి. పోయొస్తామన్నామా, అలాంటి పనికే మళ్ళీ వస్తామని చెప్పినట్లు.

ఈ రెండు నియమాలూ నాకు నేర్పింది అమ్మే. అలాంటి అమ్మ, బయలుదేరేటప్పుడు ఉయ్యాల మీదికి వంగి, బిడ్డ చెక్కిలి నిమిరి, "పోయొస్తా బంగారూ" అనింది.

నాలుక అలవాటు అది. జన్మంతా అన్న మాట. కానీ ఇంటినిండా జనం విన్నారు. అక్క అత్తగారు ఉయ్యాలకు అడ్డం నిలబడింది. "ఎంత మాటంటివి వదినా! అదీ ఈ బిడ్డతోనా!" అని గుండెలు బాదుకుంది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజు నుంచి వాళ్ళు మమ్మల్ని రమ్మనలేదు, బిడ్డను పంపలేదు. వాళ్ళు పిలిచినా అమ్మ పోయేది కాదు. తాను మళ్ళీ ఆ గడప తొక్కితే బిడ్డకు ఏదో అవుతుందని అమ్మకు రాతిమీద గీతలాంటి నమ్మకం. ధర్మవరం వైపు నుంచి వచ్చే బండి కూత వేస్తే చాలు, అమ్మ చేతిలో పని ఆగిపోయేది. పిండి కలుపుతున్న చెయ్యి పిండిలోనే ఉండిపోయేది. బండి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అలాగే ఉండేది. ఒకసారి ఏమిటని అడిగితే, "మీ యక్క అడుగుతాండాది, నా బిడ్డ మీదికి సావునేంటికి పిలిచినావని" అనింది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు జలదరించింది. కోపం కూడా వచ్చింది. చచ్చిపోయిన అక్క అమ్మను వదలడం లేదు, బతికున్న బిడ్డ మాకు దక్కడం లేదు. ఇదెక్కడి న్యాయం?

అందుకే పెద్ద పాసు. ఆ మాట అన్నది అమ్మ, నేను కాదు. నేను పోవచ్చు. టికెట్ల కిటికీ దగ్గర గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "హిందూపురంలో పని, పెనుకొండలో ఇల్లు, ధర్మవరమేంటికమ్మా నడుమ?" అన్నాడు. "నడుమ కాదులేప్పా, చివర" అన్నాను.

సెలవు రోజుల్లో ధర్మవరం పోయేదాన్ని. అక్క అత్తగారు మొదట్లో మొహం గంటు పెట్టుకునేది. తర్వాత నన్ను లోపలికి రానిచ్చింది. బిడ్డ అప్పటికి నడుస్తోంది, వాళ్ళ నాయనమ్మను 'జేజీ' అని పిలుస్తూ ముద్దుముద్దుగా మాట్లాడుతోంది. అచ్చం అక్క ముఖం. తిరిగొచ్చి నాయనకు చెబుతున్నట్టుగా గట్టిగా చెప్పేదాన్ని, వంటింట్లోకి వినబడేలా. నాయన వినీ విననట్టు బీడీ కాల్చుకునేవాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగేది.

ఒక వేసవిలో బిడ్డకు తట్టు పోసింది. ఊళ్ళో సగం మంది పిల్లలకు పోసింది, ఆ సంగతి నాకూ తెలుసు. అమ్మకు మాత్రం ఒకటే తెలుసు. "నేను పోకపోతేనేం? నన్ను తాకిన దానివి నువ్వు పోతాండావు. నా మాటను నువ్వు మోసుకపోతాండావు" అని నా కాళ్ళ దగ్గర కూర్చుంది. కన్నతల్లి కాళ్ళ దగ్గర కూర్చుంటే ఎంత చదివినదానికైనా చదువు గుర్తుంటుందా? ఆ నెల చిన్న పాసు తీసుకున్నాను.

ఆ నెలంతా మా ఇల్లు నాకు భయం పుట్టించింది. సాయంత్రం హిందూపురం బండి దిగేదాన్ని. అదే బండి ముందుకు, ధర్మవరానికి పోయేది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చివరి పెట్టె కనబడేదాకా చూసేదాన్ని. నాక్కూడా అక్క గొంతు వినబడుతోందేమో అనిపించేది. దెయ్యాలు లేవని పిల్లలకు పాఠం చెప్పి వచ్చిన నోటితోనే దారంతా ఆంజనేయ దండకం చదువుకునేదాన్ని. అమ్మ సరిగా తినడం మానేసింది. తట్టు తగ్గిందనీ, బిడ్డ లేచి ఆడుకుంటోందనీ కబురు వచ్చినా నమ్మలేదు. "చూసినోళ్ళెవురు?" అనేది.

పాసు గడువు తీరే రోజు పొద్దున నేను గడప దాటుతుంటే అమ్మ వెనకే వచ్చింది.

"పెద్దదే తీసుకో."

నేను తిరిగి చూశాను.

"నేను వాళ్ళ గడప తొక్కను. ఆ బిడ్డ మన గడప తొక్కొద్దు. టేసను ఎవురిల్లూ కాదు గదా? ఆడ చూస్తే తప్పేముండాది? బండిలోనే చూపీ. దించొద్దు."

నెలంతా అమ్మ ఆలోచించింది ఇదన్నమాట. ఏ ఇంటికీ చెందని నేల మీద ఆ మాట పనిచేయదని. నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

బిడ్డ మేనత్త, అంటే బావ చెల్లెలు, హిందూపురంలో ఉండేది. సెలవులకు బిడ్డను ఆమె ఇంటికి తీసుకుపోతానంటే వాళ్ళు ఒప్పుకున్నారు. బండి పెనుకొండలో ఇంజనుకు నీళ్ళు పట్టుకునేది, అందుకని కాస్త ఎక్కువసేపు నిలిచేది. మొదటిసారి అమ్మ నీళ్ళ తొట్టి పక్కన నిలబడి ఉంది. చేతిలో చిన్న వెదురు బుట్ట, దాంట్లో మా చేని శనక్కాయలు, ఉడకబెట్టి ఉప్పు వేసినవి. కిటికీ దగ్గరికి రావడానికి కాళ్ళు రాలేదు పాపం. నేను పిలిస్తే వచ్చింది. బిడ్డను చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. అక్కను చూసినట్టే చూసింది.

"ఎవురు చిన్నమ్మా?" అని అడిగింది బిడ్డ.

నేను నోరు తెరిచేలోగా అమ్మే చెప్పేసింది. "శనక్కాయలమ్మే దాన్ని తల్లీ."

ఆ రోజు సాయంత్రం ఇంట్లో నన్ను నిలదీసింది. "నేనెవురో చెప్పొద్దు. ఎప్పటికీ చెప్పొద్దు. నాదని తెలిస్తేనే గదా ఆ మాట దానికి తగిలేది. పరాయిదాన్ని అనుకోనీ." నేను వాదించాను, అరిచాను కూడా. పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలిసిన మనిషి ఈసారి పెదవి విప్పనంది. చివరికి ఒట్టు వేయించుకుంది.

అలా ఏళ్ళు గడిచాయి. సెలవుల్లో ఆ బండి పెనుకొండలో ఆగితే, అమ్మ బుట్టతో వచ్చేది. కాలం కానప్పుడు వేయించిన పప్పు, బెల్లం పాకం ఉండలు. అక్కడ నిజంగా అమ్ముకునే ఆడమనిషి ఒకామె ఉండేది. "ఏమక్కా, దుడ్లు తీసుకోకుండా ఇస్తాండావు, మేం గడ్డి తినాలనా?" అని అమ్మను వేళాకోళం చేసేది. అమ్మ ఆమెకూ ఒక పిడికెడు పెట్టేది. బండి కదిలేటప్పుడు కిటికీ చువ్వల మధ్య నుంచి బిడ్డ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసేది. ఏమీ అనేది కాదు. ఇంటికొచ్చాక ఆ రోజు కడుపునిండా తినేది. నాయన నన్ను పాసు గురించి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

బిడ్డ పెద్దబడిలో చేరే వయసు వచ్చేసరికి అమ్మ పోయింది. ఒక వారం దగ్గు, ఆయాసం, అంతే. మాసికాలు అవుతుండగా, సెలవులకు మళ్ళీ ధర్మవరం వెళ్ళి బిడ్డను బండెక్కించాను. ఏం చెప్పాలో దారంతా తెలియలేదు. శనక్కాయల ఆమె ఈసారి రాదని చెప్పాలా? ఎందుకు రాదంటే ఏమనాలి? చచ్చిపోయిన మనిషికి వేసిన ఒట్టు ఇంకా ఉందా, తీరిందా?

పెనుకొండ వచ్చింది. ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది. బిడ్డ కిటికీ వైపు చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆమె..." అన్నాను.

"అవ్వ సచ్చిపోయిందంట గదా చిన్నమ్మా. మా జేజి చెప్పింది."

"ఏ అవ్వ?"

"నా అవ్వ. శనక్కాయలు తెచ్చే అవ్వ."

"ఆమె నీ అవ్వేనని నీకెప్పుడు తెలిసింది?"

"శానా దినాలైంది. తెలుసంటే మళ్ళీ రాదేమోనని అనలేదు."