అన్నయ్య రేడియోలో చూసిన గోలీ

మొన్నో మధ్యాహ్నం, పోయిన కరెంటు వచ్చి, దాని వెనకాలే ఆ నెట్టో ఏదో కూడా వచ్చిందని, మా మనవడు ఫోను పట్టుకుని వచ్చి నా మంచం మీద చతికిలబడ్డాడు. మా అమ్మాయి కొడుకు వాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది గాని, నాలుగు మాటలు తెలుగులో మొదలుపెడితే ఐదోది బర్మా మాటై కూర్చుంటుంది. వాడికి ఫుట్‌బాలు పిచ్చి. మా రంగూనులో రోజులు మళ్ళీ బాగోలేవు కదా, మగపిల్లల్ని గడప దాటనివ్వాలంటే తల్లులకి కాళ్ళూ చేతులూ ఆడ్డం లేదు, అందుకని పాపం వాడికి ఆటంటే ఫోనులో చూసే ఆటే. వాడు చూస్తూంటే నాకూ ఏం బుద్ధి పుట్టిందో, ఒరే నాయనా, అందులో పాతకాలం ఆటలు కూడా ఉంటాయేమిట్రా అని అడిగి, మా అన్నయ్య నోట ఎన్ని వందలసార్లు విన్నానో తెలియని, గోలు కాసే ఒక ఇంగ్లీషు గోలీ పేరు చెప్పాను. వాడు నవ్వుకుంటూ ఆ పేరు కొట్టాడు. వచ్చింది. తెలుపూ నలుపూ బొమ్మ, వానకి చిత్తడైన మైదానం, గోలు ముందు పొడుగాటి మనిషి. ఆ రోజు నేనిక అన్నం ముట్టుకోలేదు. ఎందుకో చెప్పాలంటే మా అన్నయ్య సంగతి చెప్పాలి, అన్నయ్య సంగతి చెబితే నా కొడుకు సంగతి చెప్పకుండా ఉండలేను.

మేం రంగూనులో పజుండౌంగ్ పేట వాళ్ళం. కాలవ ఒడ్డున బియ్యం మిల్లులు, వాటి వెనక మన తెలుగువాళ్ళ ఇళ్ళు, కొట్లు, అమ్మవారి గుడి, పొద్దున్న లేస్తే ఊక వాసన. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతూంటే ఆ వాసన ఇప్పటికి ముక్కుకి తగిలే ఉంటుంది. అన్నయ్య ఒక మిల్లులో తూకం గుమస్తా, ఆ మిల్లు జట్టుకి గోలీ. గుమస్తా పని పొట్టకి, గోలీ పని ప్రాణానికి. పెళ్ళి మాటెత్తితే వచ్చే వారం ఎవరితో ఆటో చెప్పి తప్పించుకునేవాడు. అలా తప్పించుకుంటూనే బ్రహ్మచారిగా మిగిలిపోయాడు. మా ఆయన జ్వరంతో పోయి, చంటిపిల్లనీ, అప్పుడే నడక నేర్చిన కొడుకునీ చంకనేసుకుని నేను అన్నయ్య ఇంటికొచ్చేస్తే, తన మంచం నాకిచ్చి తను వసారాలో చాప వేసుకున్నాడు.

ఆ మిల్లు మేనేజరు ఇంగ్లీషు దొర. మిల్లులూ కొట్లూ అన్నీ సర్కారు తీసేసుకున్నప్పుడు దొర పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోతూ అన్నయ్యకి తన రేడియో ఇచ్చి వెళ్ళాడు. ఇస్తూ, మా ఊరి గోలీ ఒకడున్నాడు, వాడి ఆట వింటూ ఉండమని చెప్పాడట. ఆ గోలీ పేరే నేను మనవడికి చెప్పింది. ఆ తరవాత దేశం తలుపులు మూసేసుకుంది. బయటి పత్రికలు రావు, సినిమాలు రావు, ఇండియా నించి ఉత్తరం వస్తే సగం చింపి అంటించి వచ్చేది. బంతి చిరిగితే కొత్తది దొరక్క సైకిలు ట్యూబు ముక్కలతో అతుకులేసేవాళ్ళు, గోలు వెనక కట్టే వలేమో చేపల వల. అంత చీకట్లో మా ఇంటికి మిగిలిన ఒకే ఒక కిటికీ ఆ రేడియో.

మనవాళ్ళు ఓడలెక్కి విశాఖపట్నం, మద్రాసు వెళ్ళిపోతున్న రోజులవి. మా పక్కింటివాళ్ళు వెళ్ళిపోయారు, ఎదురింటివాళ్ళు వెళ్ళిపోయారు, గుళ్ళో పూజారి కూడా వెళ్ళిపోయాడు. మనమూ పోదాం అన్నయ్యా, పిల్లలున్నారు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన వింటేగా! ఆ ఇంగ్లీషు గోలీ ఇన్నేళ్ళూ ఒక్క జట్టునే పట్టుకుని ఉన్నాడే, పెద్ద జట్లు పిలిచినా కదల్లేదే, నేనెలా పోతాను, నేను పోతే గోలులో ఎవడు నిలబడతాడు అనేవాడు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి పజుండౌంగ్! సముద్రాల అవతల ఎవడో కదలనందుకు మేం ఇక్కడ ఉండిపోయాం. 

శనివారం వచ్చిందంటే నాకు బట్టలారేసుకునే యోగం ఉండేది కాదు. దండెం తీగే ఆ రేడియోకి ఏరియలు; దాని మీద తడి చీర పడితే లండను మూగబోయేదట. వానాకాలంలో చీరలన్నీ ముక్కిపోయి కంపు కొడుతూంటే నేను సణిగేదాన్ని. అన్నాలయ్యాక అన్నయ్య రేడియోకి చెవి ఆనించి కూర్చునేవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆ గరగరలో అదీ సగమే వినపడేది. ఎవడో ఒంటరిగా బంతి తీసుకుని గోలు మీదికి పరుగెత్తుకొస్తున్నాడని చెప్పేవాడి గొంతు హెచ్చుతూ హెచ్చుతూ పోయేది, సరిగ్గా అప్పుడే గర్రుమని ఏమీ వినపడేది కాదు, మళ్ళీ తేరుకునేసరికి జనం ఓ... అని నిట్టూర్చేవారు, గోలీ పేరు వినపడేది. ఆపేశాడన్న మాట. ఎలా ఆపాడు? అది మాత్రం ఎప్పుడూ ఆ గరగరలోనే పోయేది.

అదిగో, ఆ పోయిన ముక్కని అన్నయ్య తనే ఆడి చూపించేవాడు. రేడియో దగ్గర్నించి ఒక్క గెంతు గెంతి లేచి, బియ్యం డబ్బాకీ మంచానికీ మధ్య చేతులు రెండూ బార్లా చాపి, వంగి, ముందుకు ముందుకు వచ్చేవాడు. ముందుకొచ్చీసినాడే, గీత ఒగ్గీసి ముందుకొచ్చీసినాడు, ఆడికి గోలు కనపడకుండా చేసీసినాడు అని కేకలు. ఒకసారి అలాగే వచ్చి నా మంచినీళ్ళ కుండ బద్దలు కొట్టాడు. నా కొడుకు చప్పట్లు కొట్టి, మావా మళ్ళీ, మావా మళ్ళీ అని గంతులేసేవాడు. నేను చీపురు తీసుకుని పెంకులు ఊడ్చుకుంటూ, మీ ఇద్దరికీ అన్నం బంద్ అని తిట్టేదాన్ని, ఆ తిట్లకి కూడా నవ్వేవాళ్ళు. ఎంత సుఖంగా ఉన్నామో అప్పుడు తెలియలేదు.

ఓ శనివారం రేడియోలో వేరే గోలీ పేరు వినపడింది. తరవాతి శనివారమూ అంతే. అన్నయ్య ఇంట్లో ఎవరో పోయినట్టు తిరిగాడు. కొన్నాళ్ళకి తెలిసింది, ఆ మనిషి ఆట మానేసి అదే జట్టులో కుర్ర గోలీలకి పాఠం చెబుతున్నాడని. అంతే, అన్నయ్యకీ అప్పటికే మోకాలు పోయి ఉంది, మర్నాడే జెర్సీ విప్పి మడతపెట్టి మిల్లు జట్టుకి కోచ్ అయిపోయాడు. కాలవ గట్టు పక్క మైదానంలో బర్మా పిల్లలూ మన పిల్లలూ ఆయన్ని సయా, సయా అని పిలిచేవారు, గురువుగారని. ఆయన పాఠమల్లా ఒకటే. ఒంటరిగా ఒకడు మీదికొస్తూంటే గోలు గీత మీద నిలబడి చూడకు, చేతులు చాపి ముందుకెళ్ళు, నువ్వెంత ముందుకెళితే నీ వెనక గోలు అంత చిన్నదవుతుంది, భయపడితే భయపడు, ఆగకు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, ఇది ఇంగ్లండు విద్య అని గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ విద్య అందరికన్నా బాగా వంటబట్టింది నా కొడుక్కే. మేనమామ చెయ్యి, మేనమామ పొడుగు. బెరుకు పిల్లాడు, కొత్తవాళ్ళొస్తే నా కొంగు చాటున నిలబడేవాడు, అలాంటివాడు గోలులో నిలబడితే వేరే మనిషైపోయేవాడు. కాలేజీలో చేరినా మిల్లు జట్టుకి వాడే గోలీ. వాడు చేతులు చాపి ముందుకు వస్తూంటే, ఎదురొచ్చేవాడు తడబడి బంతి ఎక్కడికో తన్నేసేవాడు, గట్టు మీద నిలబడ్డ అన్నయ్య కళ్ళు తుడుచుకునేవాడు. నేను వీధి అరుగు మీద దోసెలు పోసుకుంటూ, ఆటయిపోయి వచ్చేవాళ్ళ మొహాలు చూసి గెలిచారో లేదో కనిపెట్టేసేదాన్ని.

ఎనభై ఎనిమిదో సంవత్సరం వానలు మీకు గుర్తుండే ఉంటాయి. కాలేజీలు మూసేశారు, మిలిటరీ సర్కారు దిగిపోవాలని పిల్లలు రోడ్ల మీదికొచ్చేశారు, వాళ్ళ వెనక మిల్లువాళ్ళు, సైకా రిక్షాలు తొక్కేవాళ్ళు, సన్యాసులు, ఆడవాళ్ళు. మూసిన తలుపులు తెరుచుకుంటాయని అందరికీ ఆశ. నా కొడుకు పొద్దున్న రెండు దోసెలు తిని, సాయంత్రం ఆటకి వచ్చేస్తానని మావకి చెప్పి వెళ్ళాడు. వెళ్ళొద్దని ఎవరం అనలేదు, ఎవరి పిల్లలు వెళ్ళలేదు గనక? సాయంత్రానికి వాడి స్నేహితుడొక్కడే వచ్చాడు, బర్మా పిల్లాడు, వాడూ మా జట్టు పిల్లాడే. బురదతో గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఊరేగింపుకి ఎదురుగా సిపాయిలు తుపాకులు ఎత్తారట. ఊరేగింపు ముందు వరసలో వాళ్ళు రోడ్డు మీద కూర్చుండిపోయారట. వాళ్ళ వెనక స్కూలు ఆడపిల్లలున్నారట. మావాడు ఒక్కడూ లేచి, చేతులు రెండూ బార్లా చాపి, కొంచెం వంగి, ముందుకు నడిచాడట. అదంతా చెప్పి ఆ పిల్లాడు అన్నయ్య కాళ్ళు పట్టుకుని, అచ్చం మీరు నేర్పినట్టే వెళ్ళాడు సయా అన్నాడు. మంచి మాటనుకునే అన్నాడు పాపం.

ఒళ్ళు కూడా మాకు దక్కలేదు. ఎక్కడికి తీసుకుపోయారో తెలియదు. నా బిడ్డకి నిప్పు పెట్టేవాడూ లేడు, పెట్టడానికి బిడ్డా లేడు. ఏడ్చి ఏడ్చి ఒకనాడు లేచి, ఉన్న చీరలన్నీ తడిపి దండెం మీద ఆరేశాను. చూస్తే శనివారం.  అన్నయ్య రేడియో మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు.

తరవాత ఆయన మైదానం వైపు తొంగి చూడలేదు. జట్టు పిల్లలు వస్తే లోపలికెళ్ళిపోయేవాడు. వసారాలో చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని కూర్చునేవాడు, చలి లేదు, జ్వరం లేదు, ఎప్పుడు చూసినా అలాగే. అన్నం కంచం ముందు పెడితే గాని చేతులు బయటికి తీసేవాడు కాదు. ఒకరోజు నా మొహం చూడకుండా, నానే పంపీసినానే గుంటణ్ణి అన్నాడు.  కొడుకు ఎలాగూ పోయాడు, ఈయన కూడా కళ్ళ ముందే పోతూంటే చూస్తూ ఊరుకోలేక, నోటికొచ్చింది చెప్పాను. అది నీ పాటం కాదన్నయ్యా, ఆ ఇంగ్లీసోడిది, నువ్వు ఇన్నది ఇన్నట్టు సెప్పినావు, అంతే కదేటి అన్నాను. ఆయన నాకేసి చూసి, అవునే, ఆడిదే, నాది కాదు అన్నాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని ఇంకొన్నేళ్ళు బతికాడు. పోయే ముందు మాటపడిపోయినప్పుడు కూడా, నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగినట్టు చూస్తే, ఆడిదే అన్నయ్యా అని నేనే చెప్పేదాన్ని.

ఇక మొన్న ఫోనులో నేను చూసిందేమిటంటే, ఆ పొడుగాటి ఇంగ్లీషు మనిషి గీత మీదే నిలబడ్డాడు. ఒకడు ఒంటరిగా బంతి తీసుకుని వస్తున్నాడు, ఇప్పుడు కదులుతాడు, ఇప్పుడు ముందుకొస్తాడు అని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. రాలేదు. గీత మీదే నిలబడి, చివరి క్షణంలో పక్కకి పడి పట్టుకున్నాడు. జనం ఓ... అన్నారు, ఆ నిట్టూర్పు నాకు తెలుసు. ఇంకో ఆట పెట్టమన్నాను, అందులోనూ అంతే. మనవడు కింద రాసింది చదివి, ఈయన గీత వదలడమ్మమ్మా, దానికే పేరట, కోచ్ అయ్యాక కూడా కుర్రాళ్ళకి అదే నేర్పాడట అన్నాడు. గరగరలో పోయిన ముక్కంతా మా అన్నయ్యదే. ఆ చాపిన చేతులు, ఆ ముందుకు రావడం, ఏ ఇంగ్లండులోనూ లేవు, పజుండౌంగ్‌లో బియ్యం డబ్బాకీ మంచానికీ మధ్య పుట్టాయి. ఆయన ఇది చూడకుండా పోవడం మంచిదైంది. నేనెందుకు చూశానో!

నేను కళ్ళు తుడుచుకోవడం వాడు చూసుకోలేదు. ఫోను పక్కన పడేసి, వీధి గుమ్మం రెండు కొయ్యల మధ్య వంగి నిలబడి, మరి మన గోలీ తాత ఎలా ఆడేవాడమ్మమ్మా, చూపించవూ అన్నాడు. పద్దెనిమిదేళ్ళవాడు, మేనమామ పొడుగు. వాడి వెనక వీధి నిర్మానుష్యంగా ఉంది. గీత మీదే నిలబడేవాడు నాయనా, ఒక్క అడుగు కూడా ముందుకు వేసేవాడు కాదు అని చెప్పాను. వాడు తలూపి గడప మీద అలాగే నిలబడ్డాడు. ఆ రోజుల్లో మాకు ఏమీ వినపడేది కాదు, ఏమీ కనపడేది కాదు, అయినా ముందుకెళ్ళమని పిల్లలకి చెప్పుకున్నాం. ఇవాళ అన్నీ అరచేతిలో కనపడుతున్నాయి, నేనేమో కదలొద్దని చెబుతున్నాను. మా అన్నయ్య జన్మకల్లా సొంతంగా కనిపెట్టింది అదొక్కటే, అది తనదని ఆయనకే తెలియనివ్వలేదు నేను. ఇప్పుడు వీడికీ తెలియనివ్వను.