గుట్ట మీది డబ్బాలు, చిన్నదొర హుకుం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషికి భూమి లేకపోయినా ఫరవాలేదు, వీపు నిటారుగా ఉంటే చాలు అని. భూమి లేకపోవడం గురించి ఇంత ధైర్యంగా ఎందుకు మాట్లాడేవాణ్ణంటే, మాకు నిజంగానే లేదు. రాయచూరు దగ్గరి చంద్రబండ దాటి కాస్త లోపలికి పోతే వచ్చే మా ఊళ్లో మాది గడి, అంటే దొరల కోట ఇల్లు. తాత కాలంలో కనుచూపు మేరంతా మాదేనట. కౌలు చట్టం కొంత, కోర్టు వ్యాజ్యాలు కొంత, మా పెదనాయన పేకాట మిగిలినంతా పట్టుకుపోయాయి. నాకు ఊహ తెలిసేనాటికి గడికి తలుపులు కూడా లేవు (టేకువి, త్వరగానే అమ్ముడుపోయాయి). మిగిలినవి రెండే: ఊరివాళ్లు అలవాటు కొద్దీ పిలిచే 'చిన్నదొర' అన్న పిలుపూ, నాయనమ్మ నేర్పిన పాఠమూ. "మనింట్ల మొగోళ్లు కింద పడ్డది వంగి తియ్యరు బిడ్డా. ఎవరో ఒకరు తీసిస్తరు" అనేది ఆమె. తీసిచ్చేవాళ్లు ఎప్పుడో వేరే పనులు చూసుకున్నారు. అయినా మేం వంగలేదు. మా ఇంట్లో కింద పడ్డ వస్తువులు చాలాకాలం అక్కడే ఉండేవి.

బీయస్సీ ముగించి, రాయచూరులోనూ శక్తినగర్‌లోనూ చెప్పులరిగేలా తిరిగాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అడవి జంతువుల పరిశోధనలో. మైసూరు నుంచి వచ్చిన ఒక మేడం మా బండల గుట్టల్లో బతికే దుమ్ములగొండ్లను, అదే హైనాలను, అధ్యయనం చేస్తోంది. కాలువ నీళ్లు వచ్చి, పత్తి చేలు పెరిగి, గ్రానైటు క్వారీలు గుట్టలను కొరుక్కుతింటుంటే ఆ జంతువులు ఎటు జరుగుతున్నాయి, ఏం తింటున్నాయి అన్నది ఆమె ప్రశ్న. ఇంట్లో నేను "ఆఫీసరు పని" అని చెప్పాను. నిజానికి నా పని దుమ్ములగొండి పేడ ఏరడం. ఎముకలు తినే జంతువు కనుక ఆ పేడ ఎండితే సున్నపు ముద్దలా తెల్లగా ఉంటుంది, చూడడానికి అంత అసహ్యంగా ఉండదు. కానీ దాన్ని వంగి తీయాలి. నేను చంద్రబండ కమ్మరి దగ్గర ఒక పొడుగాటి పట్టకారు చేయించుకున్నాను. మేడం ఆ పట్టకారును చూసింది, తరవాత నన్ను చూసింది. ఒకసారి, మా వంశం ఈ ఊళ్లో ఏడు తరాలదని నేను చెబుతుంటే, ఆనుకున్న బండను అరచేత్తో తట్టి, ఇది వందల కోట్ల ఏళ్ల నాటిదని నెమ్మదిగా అంది. ఆ తరవాత చాలా రోజులు తరాల మాట ఎత్తలేదు.

పేడ దొరికింది గాని, జంతువు మాత్రం కంటబడలేదు. ఫోటో లేకపోతే ఎవరూ నమ్మరు కనుక మేడం మూడు కెమెరాలు తెప్పించింది. చెట్టు బెరడు రంగు డబ్బాలు, ముందు ఏది కదిలినా వాటంతట అవే ఫోటో తీస్తాయి. వాటిని మోకాలెత్తులో కట్టి, సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. దానికి పద్ధతి ఒకటే: మనిషి నాలుగు కాళ్ల మీద, జంతువు నడిచినట్టే, కెమెరా ముందు అటూ ఇటూ పాకాలి. మేడం నడుము నొప్పి మనిషి. గుట్ట మీద ఎవరూ లేరు కదా అని చుట్టూ చూసుకొని, ఆ పని నేనే చేశాను. మూడు చోట్లా చేశాను. (చోట్లు ఎంచిందీ నేనే. దారి ఎక్కడ సాఫుగా ఉంటే జంతువులు అక్కడే నడుస్తాయని మేడం చెప్పింది. ఆ దారి అంత సాఫుగా ఎవరి కాళ్ల వల్ల అయిందో నేను ఆలోచించలేదు.)

"ఊరినవరిగె హేళిదిరా?" అని కన్నడంలో అడిగింది మేడం, ఊరివాళ్లకు చెప్పారా అని. మా ఊళ్లో మా మాటంటే చాలు మేడం, అన్నాను. తాత కాలంలో ఏదైనా చెప్పాలంటే డప్పు చాటింపు వేయించేవారు. నేనూ అదే చేయాలనుకున్నాను. పంచాయతీలో డప్పు లేదన్నారు. ఆ సమయానికి ఉల్లిగడ్డల ఆటో ఒకటి మైకు పెట్టుకొని ఊళ్లోకి వచ్చింది. సాయంత్రం దాకా మా వీధుల్లో ఇలా వినబడింది: "ఎర్ర ఉల్లిగడ్డ, తెల్ల ఎల్లిగడ్డ. గుట్ట మీది డబ్బలు ఎవ్వరు ముట్టద్దు, చిన్నదొర హుకుం. తాజా అల్లం." ముట్టవద్దని చెప్పాను. అవి ఏమిటో, ఎందుకో చెప్పలేదు. మా ఇంట్లో హుకుంతో పాటు కారణం చెప్పే ఆనవాయితీ లేదు.

కొన్నాళ్లకు మెమరీ కార్డులు మార్చడానికి పోతే మూడు డబ్బాలూ లేవు. చెట్లకు పట్టీల గుర్తులు మాత్రం ఉన్నాయి. మేడం ఆ గుర్తులను వేలితో తడిమి చూసింది. కెమెరాలు పోతే ఇక్కడి పని ఆగిపోతుంది, ఇంకో జిల్లా చూసుకోవాల్సిందే అంది. ఆమె ఇంకో జిల్లా చూసుకుంటే నేను ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. అడవి ఆఫీసుకు పోయి సాయంత్రానికి వస్తానని, ఆలోగా ఏమైనా తెలుస్తుందేమో కనుక్కోమని చెప్పి ఆమె రాయచూరు బస్సెక్కింది. నేను పోయి గడి అరుగు మీద కూర్చొని, డబ్బాలు తీసినవాళ్లు వాటితో సహా ఇక్కడికి రావాలని కిరాణా కొట్టతనితో కబురు పంపాను. మధ్యాహ్నం దాకా ఒక మేక వచ్చింది. తరవాత జవాబు వచ్చింది: "దొరకు కావాల్నంటె దొరనే రమ్మను. తొవ్వ ఎర్కే గద."

గుట్ట కింది వాడలో బండవ్వ అని ఒక ముసలామె ఉండేది. మాట బండలా గట్టిది కనుక ఆ పేరు. ఆమె వాకిట్లోనే నా మూడు డబ్బాలూ గంప కింద బోర్లించి ఉన్నాయి. చుట్టూ వాడలోని ఆడవాళ్లంతా నేల మీద కూర్చున్నారు. నాకు మాత్రం కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చొని అంత కిందికి దిగిపోయినట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు.

"పొద్దుగాల మేం చెంబు వట్టుకొని యాడికి పోతమో నీకు ఎర్కలేదా దొరా?" అంది బండవ్వ.

"ఎర్కే," అన్నాను నేల చూస్తూ.

"ఎర్కుండి కడ్తివా, యాది లేక కడ్తివా? రెండిట్ల ఏది చెప్పినా నీకు మంచిగ లేదు."

"అవి మనుషుల కోసం కాదవ్వా. దుమ్ములగొండి ఫోటో కోసం."

"దానికి ఫోటువ ఎందుకు? ఆధార్ కార్డు చేపిస్తరా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె చిన్న కోడలు, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, తలెత్తకుండానే అంది: "నేను పోతుంటె దాంట్ల ఎర్రగ మెరిసె. అప్పటిసంది ఇంట్ల ఆయన నాతోని మాట్లాడ్తలేడు. నీ ఫోటువ బెంగుళూరుల జూస్తుండ్రు అంటడు."

నా ఉద్యోగం సంగతి అక్కడితో చిన్నదైపోయింది. బండవ్వ గంప మీద చెయ్యి వేసి, "ఇంట్ల ఇజ్జత్ పొయ్యే మాట ఇది. లోపట ఏముందో ఇప్పుడే మా ముంగట చూపియ్యి. లేకుంటె డబ్బలు బాయిలకే," అంది. లోపల ఏముందో నాకూ తెలియదు. గంప లేపి డబ్బాల్లోంచి కార్డులు తీసి, మళ్లీ బోర్లించిన గంప మీద లాప్‌టాప్ పెట్టి, మొదటి కార్డు దూర్చాను.

మొదటి ఫోటోలో తలకు తువాలు చుట్టుకొని, అరచేతులూ మోకాళ్లూ నేల మీద ఆన్చి, నోరు కాస్త తెరిచి, కెమెరా వైపు అనుమానంగా చూస్తున్న గడి ఇంటి వారసుడు ఉన్నాడు. రెండో ఫోటోలో పక్క నుంచి. మూడో ఫోటో వెనక నుంచి (దాని గురించి రాయను).

"గిది ఎవరు? దొరనే గదా?" అంది బండవ్వ ముందుకు వంగి. "ఏం పారేస్కుంటివి దొరా?"

"పారేసుకోలేదవ్వా. జంతువు నడిస్తే ఫోటో పడ్తదో లేదో చూడాలె. అందుకని నేను..."

"జంతువైతివి."

ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. అది ఆగలేదు. వాకిలంతా పగలబడింది. బండవ్వ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, "మీ తాత ముంగట మేమంత గిట్లనే వంగితిమి. నువ్వు డబ్బ ముంగట వంగితివి. పోనీ తియ్యి, మీ ఇంట్ల ఒకరికన్న వంగొచ్చె," అంది. నాకు మండింది. కానీ అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

రెండో కార్డులోనూ ముందు నేనే. తరవాత మేకలు, గాలికి ఊగిన గడ్డి, మళ్లీ మేకలు. ఆ తరవాత ఫోటో అంచున ఒక చీర కుచ్చెళ్లు, ఒక చెంబు. నవ్వు టక్కున ఆగిపోయింది. ఒక్క ఫోటో కూడా చెరపకూడదన్నది మేడం పెట్టిన మొదటి నియమం. ఆ మిగిలిన ఫోటోల్లో దుమ్ములగొండి ఉంటే, చెయ్యి జారి అదీ పోతే, ఇన్ని నెలల పని గుట్టలో కలిసినట్టే. నేను లేచాను. ఏ మీట నొక్కితే ముందుకు పోతుందో, ఏది నొక్కితే చెరిగిపోతుందో ఆ చిన్న కోడలికి చూపించాను. తరవాత గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఎదురుగా పిడకలు, ఒక్కో దాని మీద ఐదు వేళ్ల గుర్తులు. వెనక మీట టక్కుమంటోంది. "ఇది నేనే." "చీర జూడు, నీదే." "తుడువు." "ఇదో, అత్తా, నువ్వు." "తుడువు తుడువు." తరవాత మీట టక్కుమనడం ఆగింది.

"దొరా, ఇటు దిర్గు," అంది చిన్న కోడలు. "దీన్ని గూడ నువ్వే అనుకొని తుడ్వబోతి. తోక ఉండె, ఆగితి."

తెల్లవారుజాము వెలుతురులో, వీపు మీది జూలు నిక్కబొడుచుకొని, ఒళ్లంతా చారలతో, చిరిగిన ఒక చెవితో దుమ్ములగొండి నిలబడి ఉంది. ముందు ఎత్తు, వెనక పల్లం. అచ్చం మా వంశంలాగే. నాకు తెలియకుండానే నేల మీద కూర్చొని చాలాసేపు దాన్నే చూశాను. బండవ్వ తన చిన్న కొడుకును పిలిపించి, ఫోటోలన్నీ అతనితో చూపించింది. అతడు నా మూడో ఫోటో దగ్గర ఆగి, ముందు పెళ్లాం వైపు చూశాడు, తరవాత ఇద్దరూ ఒకేసారి నవ్వారు. "డబ్బలు వట్టుకపో," అంది బండవ్వ. "జాగ మాత్రం మేం చెప్తం. ఈ పక్క నీ దుమ్ములగొండి, ఆ పక్క మేము."

సాయంత్రం బస్సు దిగిన మేడం, ఎలా ఇచ్చారు అని అడిగింది. మా ఇంటి పేరు చెబితే ఇచ్చేశారు మేడం, అన్నాను. ఆమె కార్డులు తెరిచింది. ఆడవాళ్లు తమ ఫోటోలు ఒక్కటి కూడా మిగల్చలేదు. నావి ఒక్కటి కూడా చెరపలేదు. మేడం వాటన్నిటినీ, ఒక్కోదాన్నీ నిదానంగా, చివరిదాకా చూసింది. ఆ తరవాత, వరస నంబర్ల మధ్య ఖాళీలు కనబడ్డా, చెరిగిన ఫోటోల గురించి ఒక్క మాటా అడగలేదు.

ఆ గుట్టలో సగం ఇప్పుడు లేదు, క్వారీ లారీల్లో ఏ ఊరి వంటింటి గట్టుగానో వెళ్లిపోయింది. వాడలో చాలా ఇళ్లకు మరుగుదొడ్లు వచ్చాయి. దుమ్ములగొండి తుంగభద్ర వైపు గుట్టలకు జరిగిందని మేడం ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేసి చెబుతుంది. నేను మాత్రం ఏదైనా కింద పడితే నా అంతట నేనే వంగి తీసుకుంటున్నాను, నడుము పట్టేసినా సరే. అరుగు మీద కూర్చొని ఊరిని రమ్మని కబురంపిన ఆ కుర్రవాడు ఎదురుపడితే ఒక మాట చెప్పాలని ఉంటుంది: ఆ రోజు మొత్తంలో నువ్వు దొరలా కనిపించింది పిడకల గోడ వైపు తిరిగి నిలబడ్డప్పుడేరా అని. వాడు వినడు. ఏ హుకుం ప్రకారం చెబుతున్నావని నన్నే అడుగుతాడు.