మోతి మెడపట్టీకి తాళం

2023 ఎండాకాలం. గౌలిపురలో మల్లేశన్న పాల కొట్టం. ఎనిమిది బర్రెలు, ఒక ఫ్యాను, గోడవతల నర్సింగన్న కొట్టం. నా పని వైర్‌లెస్ సామాన్లు బిగించడం. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేనూ పెద్దగా బతిమాలలేదు. ఈ పని నేర్చింది చాంద్రాయణగుట్ట దగ్గర ఒక రిపేరు దుకాణంలో.

ఆ రెండు కొట్టాల్లో బర్రెలకు సెన్సర్ పట్టీలు కట్టిందీ, వాటికి నంబర్లు ఇచ్చిందీ నేనే. ఎదకొచ్చిన బర్రె కుదురుగా ఉండదు. మెడపట్టీ ఆ కదలికను పసిగట్టి గేట్‌వేకి చెబుతుంది. గేట్‌వే అంటే గోడకు బిగించిన చిన్న పెట్టె, ఆ కబురును యజమాని ఫోన్‌కి చేరవేస్తుంది.

మల్లేశన్న ఇదంతా పెట్టించింది మోతి కోసం. మోతిది మూగ ఎద. అరవదు, కంటికి ఆనవాలివ్వదు. అప్పటికే రెండుసార్లు అదను తప్పింది.

"ఈసారి చూడి కట్టకుంటె అంగట్ల అమ్మేస్త," అన్నాడు. దూడప్పటి నుంచి దాన్ని సాకిన ఆయన భార్య యాదమ్మక్క ఆ మాట వినలేక లోపలికి వెళ్ళిపోయింది.

ఏడాది నిలవాల్సిన బ్యాటరీ మూడు వారాల్లో చచ్చింది. కారణం హ్యాండ్‌షేక్, అంటే పట్టీ, పెట్టె ఒకదాన్నొకటి గుర్తుపట్టుకునే తతంగం. అది నిమిషానికోసారి జరుగుతోంది.

"అక్కా, బర్రెకు పాస్‌వర్డ్ ఎందుకే? దాని ఫోటోలు ఎవడు దొంగిలిస్తడు?" అని నవ్వించి, రెండు కొట్టాల్లోనూ ఆ గుర్తింపు తాళం మొత్తం తీసేశాను. బ్యాటరీ హాయిగా నిలిచింది. నేను కాలరెగరేశాను.

పది రోజులకు మల్లేశన్న ఫోన్ మోగింది. ఒకటో నంబర్, అంటే మోతి, ఎదకొచ్చిందట. చూడి కట్టించే సూది వేయడానికి పశువుల డాక్టర్ వచ్చి పరీక్షించాడు.

"ఎదకొచ్చిందని ఎవరు చెప్పిన్రు?"

"ఫోన్ చెప్పింది సార్."

"అట్లయితే ఫోన్‌కే సూదెయ్యాలె."

మల్లేశన్న నవ్వలేదు. శుక్రవారం అంగడికి బండి మాట్లాడతానన్నాడు. నేను పరుగున వచ్చేసరికి గోడవతల నర్సింగన్న బర్రె ఒకటే అరుపు. యాదమ్మక్క అటు చెవి పెట్టి, నా వైపు తిరిగింది.

"గాడ బర్రె అరుస్తుంటె గీడ ఫోన్ మోగుడేందిరా సత్తీ?"

గోడ మీంచి తొంగి చూశాను. అరుస్తున్న ఆ బర్రె మెడలోనూ నేను కట్టిన ఒకటో నంబర్ పట్టీయే. తాళం లేని పెట్టె ఎవరి మాటైనా నమ్మేస్తుంది. తప్పు నాదేనని ఒప్పుకుని, ఒక్క నెల ఆగమని బతిమాలాను.

"ఆగుత," అన్నాడు మల్లేశన్న. "నీ మొహం చూసి కాదు, మీ అక్క మొహం చూసి."

తాళం వేస్తే బ్యాటరీ చస్తుంది, తీస్తే పక్కింటి కబురొస్తుంది. ఏం చేయాలో తోచక కొట్టంలోనే కూలబడ్డాను. మధ్యాహ్నం మూడింటికి యాదమ్మక్క పాలు పిండడానికి వచ్చింది. మోతి వీపు మీద చెయ్యేసి పేరు పెట్టి పిలిచింది. మోతి మెడ తిప్పి చూసి, పొదుగులోకి పాలు చేపింది.

"నేను పిండితే?" అని అడిగాను.

"తంతది. దానికి నా చెయ్యే తగలాలె."

"మధ్యల మళ్ల అనుమానం రాదా?"

"ధార ధారకు నువ్వెవలని అడుగుతదారా, పిచ్చోడా! ఒక్కసారి గుర్తువడితె పిండుడు అయ్యేదాక ఫికర్ లేదు."

లేచి ల్యాప్‌టాప్ తెరిచాను. హ్యాండ్‌షేక్ రోజుకు రెండుసార్లు చాలు, పాలు పిండే వేళల్లో. అప్పుడు కుదిరిన తాళమే మళ్ళీ పిండేదాకా ప్రతి కబురుకూ. కబుర్లు కూడా నిమిషానికొకటి కాక, పోగుచేసి అరగంటకొకటి. మాటకు తాళం వేయడానికి బ్యాటరీ తినేది కొంచెమే. అస్తమానం గుర్తుపట్టుకోవడానికీ, రేడియోను లేపడానికీ మస్తు తింటుంది. నర్సింగన్న పెట్టెకూ అలాగే చేసి, నంబర్లు మార్చాను.

నెల తిరక్కుండానే ఫోన్ మోగింది. "ఈసారి సూది ఎవరికి?" అంటూ వచ్చిన డాక్టర్, మోతిని చూశాక సూది దానికే వేశాడు. మూడో నెలలో మళ్ళీ చూసి, చూడి కట్టిందన్నాడు. యాదమ్మక్క కొంగుతో మోతి మొహం తుడిచింది, తర్వాత తన మొహం.

అప్పటి నుంచి ఎక్కడికెళ్ళినా పెట్టె విప్పే ముందు గంటసేపు ఊరికే కూర్చుంటాను. అక్కడ ఎవరు ఎవరిని ఏ వేళకు గుర్తుపడతారో చూసుకుని, హ్యాండ్‌షేక్ ఆ వేళకే పెడతాను. చాయ్ కోసం కూర్చున్నానని కస్టమర్లు అనుకుంటారు. అదీ అబద్ధం కాదు.

మోతి ఈనాక దూడను చూద్దామని దగ్గరికి పోతే ఫట్‌మని తన్నింది.

"నీకు హ్యాండ్‌షేక్ కాలేదురా," అంటూ యాదమ్మక్క నా చెయ్యి పట్టుకుని మోతి వీపు మీద పెట్టింది.