పన్నెండో పడవ

నా పాత పరిశోధన పత్రం చదివిన విద్యార్థిని ఒకతె ఈమధ్య మెయిల్ పెట్టింది. పన్నెండు పడవల్లో పదకొండింటికే హెచ్చరిక చేరిందని మీరు రాశారు, మరి ఆ పన్నెండోది ఏమైందని అడిగింది. నాలుగు రోజులుగా జవాబు రాయబోతున్నాను, రాసింది చెరిపేస్తున్నాను.

విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, నలభై దాటాక పీహెచ్‌డీలో చేరినదాన్ని నేను. తలకు రంగేసుకునే వయసులో ఈ చదువేమిటని చీపురుపల్లిలో కిరాణా కొట్టు నడిపే మా అన్నయ్య ఏడిపించేవాడు. రెండు వేల పది దాటిన ఆ రోజుల్లో మాకందరికీ ఓవర్‌లే పిచ్చి పట్టుకుంది. ఉన్న నెట్‌వర్క్‌ను కదపకుండా దాని మీదే మన సొంత దారులు వేసుకోవడమన్నమాట. ఒక దారి మూసుకుపోతే కబురు ఇంకో దారిన పోతుంది. ఇంటర్నెట్ రూపమే మారిపోతుందని, అందులో నా చెయ్యి కూడా కాస్త పడుతుందని మురిసిపోయేదాన్ని.

మా ల్యాబ్ అటెండరు అత్తవారిది సముద్రం ఒడ్డునున్న భావనపాడు. చేపల వేటకెళ్లే అతని మావగారిని బతిమాలి, ఆయనదీ కలిపి అక్కడి పన్నెండు పడవల్లో తలా ఒక రేడియో పెట్టె పెట్టించాను. ఫోన్ సిగ్నల్ అందినంత మేర దాని మీద, అందని చోట పడవ నుంచి పడవకు కబురు నడిచేది. దగ్గరి దారి వెతకడానికి ప్రతి పెట్టే తానెక్కడున్నదీ మిగతా అన్నిటికీ చెబుతుండేది. తప్పు అక్కడే చేశాను. చేపలు పడే చోటు సొంత తమ్ముడికి కూడా చెప్పని మనుషులు వాళ్లు.

"కబురెల్తే సాలు గదమ్మా, నా సోటు అందరికీ తెలిసిపోతాది. అది కనపడకుండా సెయ్యి" అని మావగారు ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాడు. చేయలేనిదేం కాదు; కానీ అది మారిస్తే తీసిన కొలతలన్నీ మళ్లీ మొదటినుంచి తీయాలి, పత్రం పంపే గడువేమో ముంచుకొస్తోంది. పత్రం పంపాక చేస్తానన్నాను. అప్పట్నుంచి ఆయన చేపలు బాగా పడ్డ రోజున పెట్టె ఆపేస్తున్నాడని నాకు తెలుసు, తెలిసీ చూడనట్టు ఊరుకున్నాను.

గాలి లేచిన రోజున, వెనక్కి రమ్మన్న కబురు ఒడ్డు నుంచి పడవ పడవకూ చక్కగా పాకింది. పదకొండు పడవలు తిరిగొచ్చాయి. చిన్న పడవలో ఒక్కడే వెళ్లే మావగారికి ఆ రోజు చేపలు పడ్డట్టున్నాయి, ఆయన పెట్టె పలకలేదు. రెండు రోజులకు పడవ బోర్లాపడి కనిపించింది. ఆయన దొరకలేదు.

పలకరించడానికి వెళితే ఆయన కూతురు, నన్ను పల్లెత్తు మాట అనకుండా, "మీ పెట్టెలు పనిసేసాయా అమ్మా?" అని అడిగింది. చేశాయన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నా మీద నాకే అసహ్యం. అయినా పత్రం పంపాను; ఒక పెట్టె అందుబాటులో లేదని అందులో ఒక వాక్యం రాశాను.

నెట్‌వర్క్ అంటే అందరినీ కలపడమేనని నమ్మిన తరం మనది. కలిసి ఉంటూనే మనిషి కాస్త మరుగు కోరుకుంటాడని మనకు తోచలేదు. ఇప్పుడు ఏ ఫోన్లో చూసినా, మనమెక్కడున్నామో ఎవరికి కనపడాలో, ఎవరికి కనపడకూడదో ఎంచుకునే వీలుంది; పిల్లలు సైతం ఆలోచించకుండా వేలితో నొక్కేస్తున్నారు. మావగారు నన్నడిగింది అంతకంటే ఎక్కువేమీ కాదు.