ఎస్తేరు తన పోస్టుకు తానే నోటిఫికేషన్ రాసి వెళ్ళింది

నిన్న పొద్దున ల్యాబ్‌లో ఒక పెద్దాయన చేతికి రబ్బరు కట్టి నరం వెతుకుతుంటే ఫోన్ మోగింది.

ఎస్తేరు తమ్ముడు దానియేలు.

పేరు చూడగానే అర్థమైంది. అయినా ఎత్తాను.

"రజితక్కా... అక్క పోయింది."

అంతే అన్నాడు. సిరంజి పక్కమ్మాయికి ఇచ్చి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. ముందురోజు తనకు పంపిన మెసేజ్ చూసిందా లేదా అని ఫోన్ తెరిచాను.

చూడలేదు.

సాయంత్రం తాండూరులో మట్టి ఇచ్చి వచ్చాం.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఎస్తేరు, నేను వికారాబాద్‌లో డిగ్రీ చదివాం. ఒకే హాస్టల్ రూమ్. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా ఇక్కడే స్థిరపడ్డాను. తను బయోఇన్ఫర్మేటిక్స్‌లో, అంటే జీవశాస్త్రాన్ని కంప్యూటర్‌తో చదివే సబ్జెక్ట్‌లో, పీహెచ్‌డీ చేసింది. వాళ్ళమ్మా నాన్నా కంది చేలల్లో కూలికి వెళ్ళి చదివించారు. "మా ఇంట్ల డాక్టరుంది గని సూది ఇచ్చుడు రాదు" అని వాళ్ళమ్మ సంతోషమ్మగారు నవ్వేది.

పీహెచ్‌డీ అయిపోతుండగా ఓవరీ క్యాన్సర్ బయటపడింది. తగ్గింది. మళ్ళీ వచ్చింది.

ఆ రెండోసారి ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే పోస్ట్‌డాక్ అనే పరిశోధన ఉద్యోగానికి అప్లై చేసింది. హైదరాబాద్‌లో ఒక రీసెర్చ్ ల్యాబ్. వాళ్ళు చేసేది తనకొచ్చిన జబ్బు మీద పనే.

ఒక్కో మనిషి క్యాన్సర్ ఒక్కో రకం. ఆ కణాల్లో వచ్చిన మార్పుల్లో వేటిని మన ఒంట్లోని రక్షణ కణాలు పట్టుకోగలవో కంప్యూటర్‌తో వెతకాలి. దాన్ని బట్టి ఆ ఒక్క పేషెంట్ కోసమే టీకా తయారు చేయాలి. నాకు తను చెప్పింది ఇంతే, నాకు అర్థమైందీ ఇంతే.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. మా ఇంట్లో నెట్ బాగుంటుందని తాండూరు నుంచి ట్రైన్‌లో వచ్చింది. నేను కెమెరాకు కనబడకుండా గోడ పక్కన కూర్చున్నాను.

అన్ని ప్రశ్నలూ అయ్యాక తనే చెప్పింది, "నేను క్యాన్సర్ పేషెంట్‌ని సార్. ట్రీట్‌మెంట్‌లో ఉన్నాను."

ఆ ల్యాబ్ ప్రొఫెసర్ అడిగారు, ఎంతకాలం పనిచేయగలరని.

"ఈ ప్రశ్న మిగతా క్యాండిడేట్లను కూడా అడిగారా సార్?"

ఉద్యోగం పోయిందనుకున్నాను.

ఆయన మెల్లగా అన్నారు, "లేదమ్మా. అడగలేదు. సారీ."

వారం తిరక్కుండా ఆఫర్ వచ్చింది.

ఇంట్లో అందరూ వద్దన్నారు. రెస్ట్ తీసుకోమన్నారు. నేనూ అన్నాను. "పండుకుంటే తగ్గుతదా? చెప్పు, పండుకుంట" అంది.

చేరిన కొన్ని నెలలకే తనకు ఒకటి అర్థమైంది. మన ఒళ్ళు దేన్ని పట్టుకోగలదన్నది బ్లడ్ గ్రూప్ లాగే పుట్టుకతో వచ్చే ఒక టైప్ మీద ఆధారపడుతుంది. ఇప్పుడున్న కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు ఎక్కువగా బయటి దేశాల వాళ్ళ డేటాతో నేర్చుకున్నవి. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి తడబడుతున్నాయి. "మరి మనోళ్ళ రక్తం ఎవడు తెస్తడు? మనమే తేవాలె" అంది.

పర్మిషన్లన్నీ వచ్చాక మా జిల్లాలోనే, కర్ణాటక సరిహద్దు వైపున్న దౌల్తాబాద్‌లో మొదటి క్యాంపు పెట్టాం. రక్తం తీసేది నేను. మాట్లాడేది తను.

జనం వచ్చారు గానీ ఎవరూ చెయ్యి చాపలేదు. ఒక తాత సూటిగా అడిగాడు, "మా నెత్తురు తీస్కపోతే మాకేం ఫాయిదా బిడ్డా?"

నేనైతే ఏదో ఒకటి సర్ది చెప్పేదాన్ని.

తను ఆయన పక్కన చాప మీద కూర్చుంది. "నీకేం ఫాయిదా లేదు తాత. అబద్ధం చెప్ప. నాకు గూడ క్యాన్సర్ ఉంది. గీ పని అయ్యేదాక నేను ఉంటనో ఉండనో. నాకు గూడ ఫాయిదా లేదు. ఎన్కొచ్చేటోళ్ళకు పనికొస్తది."

వెనక నిలబడ్డ ఒక పెద్దావిడ కన్నడంలో ఏదో గొణుక్కుంటూ వచ్చి నా ముందు కూర్చుంది. చెయ్యి చాపింది. ఆమె వెనకాల తాత నిలబడ్డాడు. ఆ రోజు తెచ్చుకున్న ట్యూబ్‌లన్నీ అయిపోయాయి.

ఆ శాంపిల్స్ డేటాతో ప్రోగ్రామ్‌కు మళ్ళీ నేర్పించింది. కీమో అయిన మర్నాడు కూడా దిండుకు ఆనుకుని కోడ్ రాసింది. మనవాళ్ళ శాంపిల్స్‌లో పాతదానికంటే మెరుగ్గా పనిచేస్తోందట. ఇప్పుడు ఆ ల్యాబ్‌లో వాడుతున్నది తను రాసిందే. నిన్న మట్టి దగ్గరికి వచ్చిన ప్రొఫెసర్‌గారే చెప్పారు.

ఇంకోటి కూడా చెప్పారు.

ఇక లేవలేనని తెలిశాక, హాస్పిటల్ బెడ్ మీద నుంచే తన పోస్టుకు నోటిఫికేషన్ తనే రాసి ఆయనకు పంపిందట. చదువు, అనుభవం, తెలియాల్సిన సాఫ్ట్‌వేర్లు, అన్నీ మామూలుగానే. చివర మాత్రం ఒక లైన్, "ఊళ్ళకు వెళ్ళాలి. కుర్చీలో కాదు, జనం పక్కన కూర్చుని మాట్లాడాలి."

ఇలాంటివి నోటిఫికేషన్‌లో రాయరమ్మా అని ఆయన అన్నారట. "అయితే రాయడం మొదలుపెట్టండి సార్" అందట.

ఆ లైన్ తియ్యకుండానే వేస్తున్నారు. మీకు తెలిసిన పిల్లలెవరైనా ఈ సబ్జెక్ట్‌లో పీహెచ్‌డీ చేసి ఉంటే చెప్పండి. ముఖ్యంగా మన వైపు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు. మనకెవరిస్తారులే అని ఆగొద్దు.

రెండో క్యాంపు ఈ ఆదివారం కోట్‌పల్లిలో. డేట్ పెట్టింది ఎస్తేరే. వాయిదా వేద్దామని మనసులో అనుకుంటూ నిన్న సంతోషమ్మగారి పక్కన కూర్చున్నాను. ఆమే అడిగింది.

"ఐతారం కోట్‌పల్లి పోతున్నవా బిడ్డా?"

"ఏమో అమ్మా. గిప్పుడెట్ల పోత?"

కళ్ళు తుడుచుకుంది. "పో. నేను గూడ వస్త. నా బిడ్డ ఎందుకు పోయిందో నేనే చెప్త ఆళ్ళకు."

వెళ్తున్నాం. ఇద్దరం.

ఉంటా ఎస్తేరు. ఇంక నొప్పి లేదు, సూదుల్లేవు. నిమ్మళంగా పడుకో. ట్యూబ్‌లు ఈసారి ఎక్కువే తీసుకెళ్తున్నాను.